కంచె దాటిన గొంగళిపురుగులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున పక్కపక్కనే రెండు చిన్న తోటలు. ఒకటి నూకాలు అనే కుందేలుది. రెండోది పైడమ్మ అనే ముళ్లపందిది. రెండు తోటల్లోనూ వాక్కాయ పొదలే. మధ్యలో ఓ వెదురు కంచె. కంచెకి చెరోవైపు నిలబడి, ‘వదినా, వదినా’ అనుకుంటూ ఇద్దరూ గంటలకొద్దీ కబుర్లాడుకునేవారు.

ఆ ఏడు తొలకరి పడగానే పైడమ్మ కూతురి పురిటికి కొండ అవతలికి బయల్దేరింది.

"నా పొదల్ని కాస్త కనిపెట్టి ఉండు వదినా," అంది.

"అదెంత పని! నువ్వు నిశ్చింతగా వెళ్లిరా," అంది నూకాలు.

మర్నాడు పొద్దున్నే చూస్తే నూకాలు పొదల్లో ఆకులు చిల్లులు పడి ఉన్నాయి. ఆకు తిప్పింది. వేలంత లావు పచ్చటి గొంగళిపురుగు!

"ఛీ ఛీ!" అంటూ ఎగిరి గంతేసింది నూకాలు. పుల్లతో దాన్ని తీసి కంచె అవతలికి విసిరేసింది. ఇంకోటి కనిపించింది. అదీ అవతలికే.

కంచె మీద కూర్చున్న గోరింక చూసింది.

"అదేమిటి నూకాలూ! బుట్టలో వేసి నా గూటికి తీసుకురారాదూ? నా పిల్లలు ఆకలితో గోల పెడుతున్నాయి."

"అంతదూరం ఎవరు మోస్తారమ్మా? కంచె దగ్గరగా ఉందిగా!" అంది నూకాలు.

రెండోరోజు ఇంకాసిని పురుగులు దొరికాయి. అవీ అవతలికే. మూడోరోజు ఓ దోసెడు.

"అది పైడమ్మ తోట!" అని అరిచింది గోరింక.

"పైడమ్మ ఊళ్లో లేదుగా!" అంది నూకాలు.

తర్వాత నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన. నూకాలు కలుగు దాటలేదు. వాన వెలిశాక వచ్చి చూసింది. పైడమ్మ పొదల్లో ఒక్క ఆకు లేదు. అన్నీ మోడులే. అక్కడ మేత అయిపోయిన పురుగులు బారులు కట్టి, వెదురు సందుల్లోంచి ఇటే వస్తున్నాయి. నూకాలు పొదల్లోనూ సగం అప్పటికే ఖాళీ.

సరిగ్గా అప్పుడే పైడమ్మ వచ్చింది, చేతిలో నువ్వుండల మూటతో.

"మనవరాలు పుట్టింది వదినా!" అంటూనే తోట వైపు చూసి ఆగిపోయింది. మెల్లగా అంది: "అయ్యో! నా తోటలో పురుగులు నీ పొదల్నీ పాడుచేశాయా? నేను ఊళ్లో లేకపోబట్టే ఇలా అయింది. ఏమీ అనుకోకు వదినా."

నూకాలు చెవులు వాలిపోయాయి. ఊరుకుంటే సరిపోయేది. గోరింక నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ తనకోసం తెచ్చిన నువ్వుండల మూట చూసేసరికి దాచలేకపోయింది.

"అవి నీ పురుగులు కావు వదినా. నావే. నేనే విసిరాను."

పైడమ్మ ముళ్లు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. మూట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నూకాలు బుట్ట తీసుకుంది. ముందు పైడమ్మ తోటలోకే వెళ్లింది. ఒళ్లు జలదరిస్తున్నా పళ్లు బిగబట్టి, మోడుల మీద మిగిలిన పురుగుల్ని చేత్తోనే ఏరింది. బుట్ట నిండగానే గోరింక గూటికి మోసింది. మర్నాడూ అంతే.

మూడోరోజు నూకాలు తన పొదల్లో ఏరుతుంటే పక్కన ఇంకో బుట్ట చప్పుడైంది. పైడమ్మ!

"ఆకు వెనక కూడా చూడు. గుడ్లు అక్కడే ఉంటాయి," అంది పొడిపొడిగా. కాసేపాగి, "వదినా" అని కలిపింది.

పదిరోజులకి మోడులు చిగిర్చాయి. ఆ ఏడు పైడమ్మకి కాయే లేదు. నూకాలుకి దోసెడు కాశాయంతే. వాటిని తెచ్చి పైడమ్మ గుమ్మంలో పెట్టింది.

పైడమ్మ ఒక కాయ కొరికి, పులుపుకి కళ్లు మూసుకుంది.

"అలా నిలబడ్డావేం? ఉప్పు పట్రా వదినా, ఇద్దరం తిందాం!"

నీతి: మన చీడను పక్కవాళ్ల మీదికి తోస్తే అది పోదు, పెరిగి మన దగ్గరికే వస్తుంది. చేసిన తప్పు ఒప్పుకుని దిద్దుకుంటేనే చెలిమి మళ్లీ చిగురిస్తుంది.