గెడ్డ తాబేలు పురుడు

అనగనగా ఒక పట్నం, ఆ పట్నం వెనకాల ఒక గెడ్డ. గెడ్డంటే తెలుసుగా బంగారూ, కొండ మీంచి దిగొచ్చే చిన్న ఏరు. ఆ గెడ్డ ఒడ్డున అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పెరట్లో తోటకూర, ఆనపకాయలు పండించి, అమ్ముకుని బతికేది.

ఆ గెడ్డలో ఒక ఆడ తాబేలు ఉండేది. చలి తగ్గగానే అది మెల్లగా గట్టెక్కి, అసిరమ్మ పెరట్లో మెత్తటి మట్టి తవ్వి గుడ్లు పెట్టేది. పైన మట్టి కప్పేసి, వెనక్కి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయేది. తాబేళ్ళంతే, గుడ్ల మీద కూర్చోవు. అప్పుడు అసిరమ్మ కుక్కలు తవ్వకుండా అక్కడ ముళ్ళకంప వేసేది. తొలకరి పడ్డాక రూపాయి బిళ్ళంత పిల్లలు మట్టిలోంచి లేచి, బుడిబుడి నడకలతో గెడ్డలోకి పోయేవి. అసిరమ్మ పని మానేసి మరీ చూసేది.

ఆ తర్వాత గెడ్డకి ఎగువన బట్టలకి రంగులేసే షెడ్లు వచ్చాయి. పట్నం మురుగు కూడా అందులోకే వదిలారు. నీళ్ళు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా వచ్చి, ఆఖరికి నల్లగా నిలిచిపోయాయి. కప్పలు పోయాయి, చేపలు పోయాయి. కంపు భరించలేక ఇరుగుపొరుగు కూడా ఒక్కొక్కరే కాలనీకి వెళ్ళిపోయారు.

"నువ్వూ రావే అసిరీ" అన్నారు.

"వస్తాలే, మీరు పదండి" అంది. వెళ్ళలేదు.

ఆ ఒడ్డున ఇక మిగిలింది అసిరమ్మ, గెడ్డలో మిగిలింది తాబేలు.

ఆ ఏడు పెట్టిన గుడ్లలో సగమే పిల్లలయ్యాయి. మరుసటేడు ఒక్కటే పైకొచ్చింది. దాని డిప్ప ఒక పక్కకి వంకరపోయి ఉంది. నీళ్ళదాకా నడవలేక మధ్యలోనే ఆగిపోయింది. అసిరమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. అది కదల్లేదు.

మూడో ఏడు ఎంత చూసినా మట్టే కదల్లేదు. అప్పుడు అసిరమ్మ వేళ్ళతో మట్టి తీసింది. గుడ్లన్నీ నల్లబడి ఉన్నాయి. ముట్టుకుంటే పెంకులు చితికిపోయాయి.

"అయ్యో తల్లీ, నువ్వు తాగిన నీళ్ళే నీ గుడ్లలోకీ దిగాయా" అని గట్టిగా ఏడ్చింది. ఏమైందే అని అడగడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.

మరుసటేడు చలి తగ్గగానే తాబేలు మళ్ళీ గట్టెక్కింది. అప్పుడు అసిరమ్మ తట్టలో తడిగోనె వేసి, దాన్ని ఎత్తి కూర్చోబెట్టి, ఆటో ఎక్కింది.

"తట్టలో ఏటి మామ్మా?" అన్నాడు ఆటో అతను.

"ఆడపిల్ల, నాయనా. పురుడికి తీసుకెల్తన్నాను. నా దగ్గర దీనికి అచ్చిరాలేదు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. నవ్వుదామనుకున్నాడు గానీ, ఆవిడ మొహం చూసి ముందుకి తిరిగి బండి పోనిచ్చాడు.

కొండ కింద పల్లెలో అసిరమ్మ చెల్లెలి కూతురు నూకాలు ఉంది. అక్కడొక ఊటచెరువు ఉంది. అడుగున ఇసక కనపడేంత తేట నీళ్ళు. తట్ట కింద పెట్టగానే తాబేలు మెడ చాపి, నీళ్ళ వాసన చూసి, జారుకుంటూ వెళ్ళిపోయింది.

అసిరమ్మ ఇంటికొచ్చింది. అన్నం వార్చి, ఒక్కతే తింది. ఉన్న ఒక్క తోడునీ చేతులారా పంపేసుకుంది మరి.

ఆ ఏడు నూకాలు ఫోన్ చేసింది. "గుడ్లు పెట్టింది పెద్దమ్మా. ఒక్కటీ పిల్లవ్వలేదు."

"ఒంట్లో చేరిన విషం ఒక్క ఏడాదిలో పోద్దేటే? చూద్దాం."

మరుసటేడూ అంతే.

మూడో ఏడు తొలకరి పడింది. అప్పుడు ఫోన్ వచ్చింది. "పెద్దమ్మా, మట్టి కదుల్తంది. వేగిరం రా!"

అసిరమ్మ వెళ్ళేసరికి పిల్లలు గట్టు దిగుతున్నాయి. కొన్నే. కానీ అన్నిటికీ డిప్పలు చక్కగా, గుండ్రంగా ఉన్నాయి. చెరువు మధ్యలో రాయి మీద తల్లి తాబేలు ఎండకి కూర్చునుంది.

"ఏమే, నేనే" అని పిలిచింది అసిరమ్మ.

తాబేలు ఉలిక్కిపడి, బుడుంగున మునిగిపోయింది. తాబేళ్ళకి మనుషులు గుర్తుండరు బంగారూ.

"ఇక్కడే ఉండిపో పెద్దమ్మా" అంది నూకాలు.

అసిరమ్మ పిల్లలు లేచిన మట్టి మీద చెయ్యి వేసి, ఆఖరి పిల్ల నీళ్ళలో దిగేదాకా చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత, "నాకు అక్కడే అలవాటైపోయిందే" అని లేచింది. రోడ్డు మీద ఆటో కోసం ఒక్కతే నిలబడింది. ఏడుస్తోందా అంటావా? లేదు. చేతికంటిన మట్టిని మాత్రం దులుపుకోలేదు.

తాబేలు పిల్లలు నీళ్ళలోకి,
కథేమో కంచి దారిలోకి,
నువ్వేమో అమ్మమ్మ పక్కలోకి.