ఇస్సాకు గుమ్మం

ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆశీర్వాదం పాస్టరుగారు టైలరు ఇస్సాకు ఇంటికి వెళ్లేవారు. తలుపు మూసి ఉండేది. లోపల కుట్టుమిషను తిరుగుతూ ఉండేది. ఆయన గుమ్మం ముందు మెట్టుమీద కూర్చుని, "ఇస్సాకూ, నేనొచ్చానయ్యా" అని ఒక్కసారి చెప్పేవారు. అరగంటసేపు ఊరకే ఉండి, మోకాళ్లు పట్టుకుని లేచి ఇంటిదారి పట్టేవారు. ఇలా అయిదు నెలలు గడిచాయి.

ఆయన వెంటే వెళ్తూ సంఘ సేవ నేర్చుకుంటున్న జీవరత్నానికి ఆ అరగంటా ముళ్లమీద కూర్చున్నట్టుండేది. ఇరవయ్యారేళ్లవాడు. నోరు తెరిస్తే బైబిలు వాక్యం ధారగా వచ్చేది. ఇస్సాకు కూతురు హెప్సిబా పచ్చకామెర్లు ముదిరి మంచాన పడ్డప్పుడు సంఘమంతా ఉపవాసం ఉంది. ఆ పిల్ల తలమీద చెయ్యిపెట్టి, "ఈ బిడ్డ బతుకుతుంది, ప్రభువు నాతో చెప్పాడు" అన్నవాడు జీవరత్నమే. ఆ మాట నమ్ముకుని తండ్రి ఆ రాత్రే కూతురికి క్రిస్మస్ జాకెట్టు కత్తిరించాడు. మూడోనాడు పిల్ల పోయింది. సమాధుల తోటనుంచి తిరిగొచ్చిన ఇస్సాకు మళ్లీ మందిరం గడప తొక్కలేదు.

ఒక శుక్రవారం దారిలో జీవరత్నం అడిగేశాడు. "అయ్యగారూ, ఆయన మనసును దేవుడు ఎప్పుడు మెత్తపరుస్తాడు? మనం ఇంకా ఎన్నాళ్లు ఇలా కాచుకుని కూర్చోవాలి?"

పాస్టరుగారు తలమీద తువ్వాలు సర్దుకుని నడక సాగించారు.

ఆ వేళ జీవరత్నం ఉండబట్టలేకపోయాడు. మిషను చప్పుడు ఆగగానే లేచి తలుపు తట్టాడు. "అన్నా, బైబిల్లో యోబు పదిమంది బిడ్డల్ని పోగొట్టుకుని కూడా..." అని ఎత్తుకున్నాడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. మెడలో టేపు వేలాడుతూ, గడ్డం మాసి, ఇస్సాకు నిలబడి ఉన్నాడు.

"యోబు సంగతి ఉండనీ తమ్ముడూ. నా కూతురి సంగతి ప్రభువు నీతో ఏం చెప్పాడన్నావో, అది ఇంకొక్కసారి చెప్పు."

జీవరత్నం ఒకడుగు వెనక్కి వేశాడు. తలుపు మూసుకుంది. లోపల గడియ కూడా పడింది.

దారిలో అయ్యగారు చీవాట్లు పెడతారనుకున్నాడు. ఆయన, "వచ్చే శుక్రవారం కూడా వేళకు రా" అన్నారు, అంతే.

ఎలాగో మనసు చిక్కబట్టుకుని వెళ్లాడు. ఈసారి నోటికి ఏ వాక్యమూ రాలేదు. లోపల మిషను తిరుగుతుంటే, కత్తిరించి వదిలేసిన ఆ జాకెట్టు ముక్కలు ఎక్కడున్నాయో అనుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ పైన వారం వారం వెళ్తూనే ఉన్నాడు. అరగంట ఎప్పుడైపోయిందో తెలిసేది కాదు.

ఆరో వారమో ఏడో వారమో, ఎండ మండిపోతున్న రోజు, గడియ తీసిన చప్పుడైంది. ఇస్సాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చి గుమ్మం ముందు నీడలో వేశాడు.

"మెట్టు కాలుతోంది అయ్యగారూ. ఇందులో కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. జీవరత్నం లేచి నిలబడ్డాడు. వారాలుగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "అన్నా, ప్రభువు నాతో ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల బతకాలని నాకే ఉండి, ఆయన పేరు చెప్పేశాను."

ఇస్సాకు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"నేనూ అదే వినాలనుకున్నానులే," అన్నాడు.

జీవరత్నానికి గుండె తేలికైంది. ఆ తేలికలోనే చెయ్యి సంచిలోని బైబిలుమీదికి పోయింది. పాస్టరుగారు ఆ చేతిమీద తన చెయ్యి ఉంచి, "వస్తాం ఇస్సాకూ" అంటూ లేచారు.

మలుపు తిరిగేదాకా ఆగి అడిగాడు జీవరత్నం. "తలుపు తీశాడు కదా అయ్యగారూ! ఒక్క ప్రార్థనైనా చెయ్యకుండా లేచి వచ్చేశారేం?"

"ఇవాళ దేవుడు ఇస్సాకును కుర్చీ దాకా తీసుకొచ్చాడు," అన్నారు ఆయన నడక ఆపకుండానే. "దేవుణ్ణి దాటుకుని మనం ఎక్కడికి పోదాం, నాయనా?"