ఎవరూ పడని బండి

చోడవరం వెళ్ళే దారిలో బుద్ధాల వారి ఇల్లంటే తెలియనివాళ్ళు లేరు. "బుద్ధి మాకు ఇంటిపేరులోనే ఉంది, మళ్ళీ బుర్రలో వెతుక్కోవడం దేనికి?" అనేది ఆ ఇంటి పెద్ద నూకరత్నం మామ్మ. పాలు పొంగకుండా చూడమంటే పొయ్యి వెలిగించకుండానే చూసే ఇల్లది. ఒక్క చుక్క పొంగితే ఒట్టు!

అలాంటి మామ్మకి ఓ బెంగ పట్టుకుంది. మనవరాలు పైడి, మనవడు బుల్లోడు తేల్చి చెప్పేశారు. "మామ్మా, ఈసారైనా నువ్వు సముద్రం చూపించకపోతే ఇక సెలవలకి అమ్మమ్మ దగ్గరికే పోతాం!"

మామ్మ గుండె జారిపోయింది. ఎక్కడికి జారిందోనని తాత గవర్రాజు మంచం కింద కూడా వెతికాడు.

ఇంకేముంది, క్యాంపింగ్ ట్రైలరు కొందామన్నారు. ట్రైలరంటే ఏమిటంటారా? జీపు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల గది. అందులోనే పడకలు, అందులోనే పొయ్యి. కొడుకు సన్యాసిరావు జీపు తీశాడు. అందరూ విశాఖపట్నంలో ఓ కొట్టుకి వెళ్ళారు.

"దీన్ని బండి అనుకోకండమ్మా, ఇల్లే అనుకోండి," అన్నాడు కొట్టతను. "ఎక్కడికెళ్ళినా ఇంటి దగ్గరున్నట్టే ఉంటుంది. ఇదిగో, ఇందులో ఎనిమిది మంది పడతారు."

"అమ్మో!" అంది మామ్మ. "పిల్లలతో వెళ్ళేవాళ్ళం. అంతమంది పడిపోతే ఎలా నాయనా? తక్కువమంది పడేది చూపించు."

"ఇందులో నలుగురు పడతారు."

"కాళ్ళూ చేతులూ విరగవూ?"

"పోనీ ఇది. ఇద్దరే పడతారు."

"ఆ ఇద్దరూ మా మనవలే అయితే? అసలెవరూ పడనిది లేదా నీ దగ్గర?"

కొట్టతను తల పట్టుకుని మూలనున్న బండి చూపించాడు. "ఇందులో మనుషులెవరూ పడరు తల్లీ. అది గుర్రాల్ని తీసుకెళ్ళేది."

"చూశారా, గట్టిగా అడిగితే గానీ మంచి సరుకు బయటికి తియ్యరు!" అంది మామ్మ. అంతే, అదే కొనేశారు.

కొట్టువాళ్ళే దాన్ని తెచ్చి పెరట్లో జామచెట్టు కింద నిలబెట్టారు. వెళ్తూ వెళ్తూ, "జీపుకి తగిలిస్తే చాలండీ. బయల్దేరేముందు టైర్లలో గాలి చూసుకోండి," అని చెప్పారు.

భీమిలి సముద్రానికి ప్రయాణమయ్యే రోజు వచ్చింది. ఇల్లే అన్నాక గృహప్రవేశం లేకపోతే ఎలా? కొత్తింట్లోకి ముందు ఆవు వెళ్ళాలి కదా. తమ ఆవు గౌరిని ఎక్కించారు. ఎక్కిన గౌరి దిగనంది. "దానికి ఇల్లు నచ్చిందే!" అని తాత మురిసిపోయాడు. కొత్తింట్లో యజమాని నిద్ర చెయ్యాలి కాబట్టి, గడ్డి పరుచుకుని తనూ దాని పక్కనే పడుకున్నాడు. "భీమిలి రాగానే లేపండి" అన్నాడు. మామ్మ గడియ పెట్టేసింది.

ఇక గాలి చూడాలి. సన్యాసిరావు టైరు ముందు గొంతుక్కూర్చుని మూత తీసి లోపలి పిన్ను నొక్కాడు. బుస్సుమంది.

"గాలి కనిపించిందట్రా?"

"ఎక్కడమ్మా! మొహం చూపించకుండా పారిపోయింది."

"చల్లగా ఉందా?"

"ఉంది."

"అయితే మంచి గాలే. రెండోదాంట్లో కూడా చూడు."

రెండోదాంట్లోనూ చూశాడు. బండి చతికిలబడింది. లోపల్నించి తాత, "కుదురుగా ఉందర్రా!" అని మెచ్చుకున్నాడు.

తర్వాత తగిలించడం. సన్యాసిరావు జీపుని వెనక్కి పోనిచ్చి ధడేలుమని ట్రైలరుకి కొట్టాడు.

"తగిలిందా అమ్మా?"

"తగిలింది గానీ, పిల్లలతో ప్రయాణం కదా, ఇంకాస్త గట్టిగా తగిలించరా!"

ఈసారి జీపు వెనక దీపాలు రాలాయి. "ఆఁ, ఇప్పుడు బాగా తగిలింది," అంది మామ్మ. ఇంకేముంది, పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరారు.

"తాతయ్య వస్తున్నాడా మామ్మా?" అని బుల్లోడు తల తిప్పబోయాడు.

"బయల్దేరాక వెనక్కి చూడకూడదురా, అపశకునం!" అని మామ్మ వాడి తల రెండు చేతుల్తో పట్టుకుంది. పట్టుకున్న చేతులు భీమిలి దాకా వదల్లేదు.

సముద్రం చూడగానే పిల్లలు కేకలు. "మామ్మ మాట నిలబెట్టుకుంది! ఇక అమ్మమ్మగారింటికి పోం!" మామ్మ కళ్ళు చెమర్చాయి. తాతని లేపుదామని జీపు వెనక్కి వెళ్ళింది. ట్రైలరూ లేదు, తాతా లేడు, గౌరీ లేదు.

ఇంతలో ఫోను మోగింది.

"ఏమే రత్నం, భీమిలి వచ్చిందా?"

"ఎప్పుడో వచ్చిందండీ! మీరెక్కడున్నారు?"

"ఉండు, కిటికీలోంచి చూస్తాను." కాసేపు గౌరి నెమరు వేస్తున్న చప్పుడు. "ఓసినీ! భీమిలి అచ్చం మన పెరడులా ఉందే! మన జామచెట్టే, మన నుయ్యే! ఎక్కడికెళ్ళినా ఇంటి దగ్గరున్నట్టే ఉంటుందని ఆ కొట్టతను అన్నాడు చూడు, ఒక్క ముక్క అబద్ధం లేదు!"

"హమ్మయ్య, వచ్చేశారన్నమాట! జామచెట్టు దగ్గర్నించి కదలకండి, మేమే వస్తున్నాం."

ఫోను కొంగున ముడేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, మామ్మ ఇసకలో గబగబా నడిచింది. ఎదురొచ్చిన పల్లీలబ్బాయిని ఆపింది.

"నాయనా, ఈ సముద్రానికి జామచెట్టు ఏ పక్కనుంది?"