చుక్కమ్మ కుట్టిన సంచి

గుండ్లవంక బడికి ఎండాకాలం సెలవులిచ్చారు. పంతులుగారు గేటుకు తాళం వేసి వాళ్ల ఊరు వెళ్లిపోగానే ఆ వరండా జంతువుల పాలైంది. గేటుకు తాళం ఉంటేనేం, గోడ కూలిన చోట దారి ఉండనే ఉంది.

అక్కడ వేసవి బడి పెట్టింది పుల్లన్న అనే గిజిగాడు. తాడు పేనడం, నేత, అల్లిక, కుట్టు అన్నీ నేర్పుతానని కొమ్మకొమ్మకూ తిరిగి చెప్పాడు. అతను కట్టిన గూడు చూసినవాళ్లెవరూ అతని పనితనాన్ని శంకించరు. ఉన్న లోపమల్లా ఒకటే. ఎవరైనా కాస్త మెచ్చుకుంటే చాలు, మెడ నిక్కించి ఇంకేమీ చూడడు.

గంగప్ప అనే గాడిద అందరికంటే ముందు చేరాడు. పుట్టినప్పటినుంచీ తనను కట్టేస్తున్న తాడు ఎలా తయారవుతుందో చూడాలని అతని కోరిక. చుక్కమ్మ అనే కోడిపెట్ట పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. వానలు పడేలోగా వాటికి మెత్తటి పడక అల్లుకోవాలని ఆమె తాపత్రయం. బడికి నియమం ఒక్కటే పెట్టారు. వరండా ఎక్కాక ఎవరూ ఎవరినీ తినకూడదు.

కొన్నాళ్లకు సుంకన్న అనే నక్క వచ్చి మెట్ల దగ్గర వినయంగా నిలబడ్డాడు.

"నన్నూ చేర్చుకోండి సారూ. వేట మానేశాను. ఏదైనా చేతిపని ఉంటే మనసు కుదురుగా ఉంటుందని ఆశ," అన్నాడు.

"మరి ఏం తింటున్నావు?" అంది చుక్కమ్మ, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటూ.

"రేగుపళ్లు అక్కా."

"ఈ ఎండల్లో రేగుపళ్లెక్కడివి?"

"ఎండబెట్టి దాచుకున్నవి," అన్నాడు సుంకన్న తడుముకోకుండా. అని పుల్లన్న వైపు తిరిగాడు. "మీ గూడు చూశాకే సారూ, నాకు ఈ బుద్ధి పుట్టింది."

పుల్లన్న మెడ నిక్కింది. "పైకి రా, నాయనా," అన్నాడు.

సుంకన్న ఒక పెద్ద సంచి తయారు చేస్తానన్నాడు. దానికి ముందు గోగుకట్టె నీళ్లలో నానబెట్టి, నార ఒలిచి, ఉతికి ఆరేయాలి. కుళ్లిన గోగు కంపు ఊరంతా కొడుతుంది. సుంకన్న గుంట గట్టున నిలబడి దగ్గాడు.

"నీళ్లలో దిగితే నాకు పడదు గంగప్పా. నీలాంటి ఒడ్డూ పొడుగూ ఉంటే ఎవరినీ అడిగేవాణ్ణి కాదు."

గంగప్ప నీళ్లలోకి దిగాడు. నార సిద్ధమైంది.

తర్వాత నేత. "సారూ, ఆ పోగు కిందినుంచి తీసినప్పుడు మీ ముక్కు ఎలా తిరిగిందో అంతుపట్టలేదు. ఇంకొక్కసారి చూపిస్తారా?" అనేవాడు సుంకన్న. పుల్లన్న చూపించేవాడు. "అబ్బ, అలాగా. మళ్లీ ఒకసారి." పుల్లన్న మళ్లీ చూపించేవాడు. అలా చూపించి చూపించి గుడ్డంతా పుల్లన్నే నేసేశాడు. నేస్తున్నది తానేనని అతనికి తోచనే లేదు.

కుట్టు పాఠం రోజున పుల్లన్న బడి వంటగది మూలనుంచి పాత బియ్యం సంచి ఒకటి ఈడ్చుకొచ్చాడు.

"ఇది గొలుసు కుట్టు. జాగ్రత్తగా చూడండి. ఈ కొస పట్టుకుని లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఆ కొస పట్టుకుని లాగితే..." అని లాగాడు. కుట్టంతా జర్రున ఊడి అతని ముక్కుకు దారంలా వేలాడింది. "అందుకే ఇది మూతికే వెయ్యాలి. బరువు మోసే అడుగుకు వెయ్యకూడదు. ఏం, తెలిసిందా?"

చుక్కమ్మ తల ఊపింది. గంగప్ప రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. సుంకన్న స్తంభానికి ఆనుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

మర్నాడు సుంకన్న ఆ గుడ్డ తెచ్చి చుక్కమ్మ ముందు పరిచాడు.

"అక్కా, కుట్టులో నీ నేర్పు ఎవరికీ రాదు. పక్కలూ అడుగూ కాస్త కుట్టిపెట్టవా?"

"ఇంత సంచి దేనికి?"

"కుంకుడుకాయలు ఏరుకొద్దామని."

"సరే. బిగువుగా కుట్టనా?"

"పక్కలు మాత్రం కొంచెం వదులుగా కుట్టు. లోపలికి గాలి ఆడాలి."

"కుంకుడుకాయలకు గాలెందుకు?"

"ముక్కిపోకుండా," అన్నాడు సుంకన్న. తర్వాత పిల్లల వైపు చూస్తూ, "మీవాళ్లు చీకట్లో ఉంటే గోల చేస్తారా అక్కా, బుద్ధిగా పడుకుంటారా?" అని అడిగాడు.

చుక్కమ్మకు సంచి సంగతి అర్థమైంది. పైకి మాత్రం, "చీకటి పడితే కిమ్మనరు," అంది.

సుంకన్న అటు వెళ్లగానే పుల్లన్న దగ్గరికి పరుగెత్తింది. "సారూ, ఆ సంచి కుంకుడుకాయలకు కాదు. నా పిల్లలకు."

"నీకు మొదటినుంచీ అతనంటే గిట్టదు," అన్నాడు పుల్లన్న. "నా పనితనాన్ని అతను గమనించినంతగా ఈ బడిలో ఎవరు గమనించారు చెప్పు?"

చుక్కమ్మ తిరిగి వచ్చింది. కుట్టనంటే అతను ఇంకెవరినైనా పొగిడి కుట్టించుకుంటాడు. సంచి ఎలాగూ తయారవుతుంది. అలాంటప్పుడు అది తన చేతిమీదుగా పోవడమే నయమనుకుంది. సూదిగా పెట్టుకున్న తుమ్మముల్లుకు దారం కట్టి పక్కలు చెప్పినట్టే కుట్టింది. అడుగుకు గొలుసు కుట్టు వేసింది. బిగిసే కొస బయటికి, ఊడే కొస లోపలికి వదిలింది.

సుంకన్న బయటి కొస పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. కుట్టు ఇంకా బిగిసింది. "భలే గట్టి చెయ్యి," అని మెచ్చుకున్నాడు.

బడి ముగిసే రోజు అందరూ చేసినవి వరండాలో వరుసగా వేలాడదీశారు. పుల్లన్న ఉపన్యాసం మొదలుపెట్టాడు. నేత గురించి రెండు ముక్కలు చెప్పి తన గూడు గురించి చెప్పడంలో పడ్డాడు. చుక్కమ్మ ఊఁ కొడుతూ పక్కకు చూస్తే పిల్లలు లేవు, సుంకన్న సంచీ లేదు.

గోడ వెనక వేపచెట్టు కింద సంచి నోరు తెరుచుకుని ఉంది. లోపల నూకలు చల్లి ఉన్నాయి. పిల్లలన్నీ లోపలే ఉండి కడుపు నింపుకుంటున్నాయి. పక్కనే సుంకన్న. కేకేస్తే దొరికిన పిల్లను దొరికినట్టు నోట కరుచుకుపోతాడు. చుక్కమ్మ ఏమీ ఎరగనట్టు, "ఎక్కడ తిరుగుతున్నార్రా," అంటూ నేరుగా సంచిలోకి నడిచింది.

సుంకన్నకు తన అదృష్టం నమ్మబుద్ధి కాలేదు. మూతి బిగించి సంచి వీపున వేసుకున్నాడు.

"వరండా దిగాం కదక్కా. నియమం అక్కడికే," అని పరుగు తీశాడు.

లోపల పిల్లలు బిక్కుబిక్కుమన్నాయి. "ఏడవకండి. నోట్లో నూకలున్నవాళ్లు ముందు మింగెయ్యండి," అంది చుక్కమ్మ మెల్లగా. ముక్కుతో తడుముతూ లోపలి కొస పట్టుకుంది. పట్టుకుందే గానీ లాగలేదు. చదును నేలమీద పడితే మళ్లీ పట్టేస్తాడు. కాసేపటికి చల్లగాలి తగిలింది. సుంకన్న కాళ్ల కింద ఇసుక కరకరలాడింది. ఆ తర్వాత రెల్లు గరగరమంటూ సంచికి రాసుకుంది. ఊరి చివరి వాగు వచ్చేసింది. చుక్కమ్మ కళ్లు మూసుకుని కొస లాగింది.

కుట్టు జర్రున ఊడింది. పిల్లలు ఒక్కొక్కటే ఇసుకలో పడి రెల్లు మొదళ్లలోకి దూరాయి. ఆఖరున చుక్కమ్మ దూకింది. రెల్లు చప్పుడులో సుంకన్నకు ఏమీ వినిపించలేదు. ఇంటికి పోతున్న సంతోషంలో బరువే తెలియడం లేదనుకుని ఇంకా జోరుగా పరుగెత్తాడు.

చుక్కమ్మ పిల్లల్ని కూడదీసుకుని బడికి చేరేసరికి ఉపన్యాసం ఇంకా నడుస్తూనే ఉంది. జరిగింది విన్నాక పుల్లన్న ఉపన్యాసం ఆపేశాడు.

"నీ మాట విననందుకు నాకు బుద్ధి లేదు చుక్కమ్మా," అన్నాడు. మళ్లీ తనే, "ఇంతకీ ఏం కుట్టు వేశావు?" అని అడిగాడు.

"మీరు చెప్పినదే సారూ."

పుల్లన్న మెడ మళ్లీ కొద్దిగా నిక్కింది. గంగప్ప నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

అక్కడ సుంకన్న ఇంట్లో పొయ్యి రాజేసి ఉంది. మామగారు కాటమయ్య విందుకని పొద్దుటే వచ్చి కూర్చున్నాడు. అల్లుడు ఒట్టి సోమరి అని ఆయన కూతురి దగ్గర అనని రోజు లేదు. ఆ మాట ఇవాళ్టితో ఆపించాలని సుంకన్న సంచిని ఆయన ఎదుట ఎత్తి పట్టుకున్నాడు.

"చూడు మామా. నార ఒలిచింది నేనే, నేసింది నేనే, కుట్టింది నేనే. ఇందులో ఇంకో చెయ్యి పడలేదు."

అని మూతి విప్పి లోపలికి చూశాడు. అవతలి వైపునుంచి మామగారి మీసాలు కనిపించాయి. సంచిలోంచి మామా అల్లుళ్లిద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"అల్లుడూ, అడుగు కూడా నువ్వే కుట్టావా?" అన్నాడు కాటమయ్య నెమ్మదిగా.

కాదంటే ఇప్పటిదాకా చెప్పిందంతా అబద్ధమవుతుంది. అవునంటే పని చేతకానివాడవుతాడు. సుంకన్న రెండూ తూచి చూసుకున్నాడు.

"నేనే మామా."

"అనుకున్నాను," అని కాటమయ్య లేచి కండువా దులుపుకున్నాడు. "అమ్మాయీ, పొయ్యి ఆర్పెయ్."

పని నేర్వకుండా పరుల చేత చేయించుకున్నవాడికి, తన సంచి ఎక్కడ ఊడుతుందో తనకే తెలియదు.