దిగిరా భైరవా

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు పిచ్చి పట్టింది. ఎలా పట్టిందో తర్వాత చెబుతాను, ముందు ఆ పిచ్చి ఎంత సొగసుగా ఉండేదో వినండి.

రత్నగిరిని ఏలే ఇంద్రసేన మహారాజు ఒకరోజు తన అనుమతి లేకుండా వాన కురిసిందని మబ్బుకు సంకెళ్లు వేయమన్నాడు. పాపం, భటులు నిచ్చెనలూ గొలుసులూ మోసుకుని కొండెక్కారు. ఇంకోరోజు తన నీడ తనకంటే ముందు నడిచిందని కత్తి దూసి దాని వెంటపడ్డాడు. మూడోసారి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. తండ్రి స్థితి చూసి కూతురు చంపకవల్లి కంటతడి పెట్టింది.

"నా సెలవు లేకుండా ఏడుస్తావా? వచ్చే అమావాస్య పొద్దున నీ తల తీయిస్తాను!" అన్నాడు రాజు.

ఇదంతా కరాళుడనే మాంత్రికుడి పని. పిల్లనివ్వనన్నారని వాడు కక్షగట్టి రాజుగారి మతిని లాగేశాడు. తన ప్రాణం దాచుకున్న చిలకలోనే దాన్నీ దాచి, ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో పెట్టుకున్నాడు. చిలకను చంపితే మాంత్రికుడు చస్తాడు, రాజుగారి మతి కూడా పోతుంది. అదీ వాడి ధీమా, అందుకే ఈ సంగతి తానే అందరికీ చెప్పుకున్నాడు.

ఆ ఊళ్లో వీధిభాగవతం ఆడే ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. పెద్దవాడు ధర్మయ్యది మంచిరాజు వేషం. నడిపివాడు గోపయ్యది దేవుడి వేషం. చిన్నవాడు భైరవుడికి పిచ్చిపట్టిన దుర్మార్గపు రాజు వేషం తప్ప ఇంకోటి రాదు. అలాగని వాణ్ణి తక్కువ అంచనా వేయకండి! దేవుడి వేషం రాగానే జనం దండం పెట్టి కాస్త కునుకు తీసేవారు. భైరవుడు వస్తున్నాడంటే మాత్రం పక్కవాళ్లను తట్టి మరీ లేపేవారు. తెర వెనక గజ్జెలు ఘల్లుమనేవి. కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. ఆ వెలుగులో తెర జారి, కిరీటం కింద రెండు కళ్లు గిర్రున తిరిగేవి. అబ్బ, ఏం కళ్లవి! పిల్లలు భయంతో తల్లుల ఒళ్లో దూరి, మళ్లీ వేళ్ల సందుల్లోంచి చూసేవారు.

ఆ వేషానికో కట్టుబాటు ఉంది. కిరీటం పెట్టుకున్నవాడు దాన్ని తనంతట తాను తీయకూడదు. ఆట అయ్యాక ఇంకొకరు వచ్చి, పేరు పెట్టి "దిగిరా" అని పిలిచి తీయాలి. లేకపోతే వేషం ఒంట్లోనే ఉండిపోతుందని వాళ్ల నమ్మకం. మతి ఉన్న రోజుల్లో ఇంద్రసేన మహారాజు స్వయంగా లేచొచ్చి, "దిగిరా భైరవా, ఇక చాలించు నాయనా" అంటూ కిరీటం తీసేవాడు. ఆ పిలుపంటే భైరవుడికి ప్రాణం.

రాకుమారికి శిక్ష పడిందని తెలియగానే, చిలకను నేను తెస్తానని ధర్మయ్య వెళ్లాడు. తిరిగి రాలేదు. గోపయ్య వెళ్లాడు. వాడూ రాలేదు. అప్పుడు భైరవుడు కిరీటం, గజ్జెలు, కాగడా, గుగ్గిలం మూట కట్టుకున్నాడు.

"దేవుడే తిరిగి రాలేదు, దుర్మార్గుడివి నువ్వేం చేస్తావురా?" అని ఊరంతా నవ్వింది.

చంపకవల్లి ఒక్కతే నవ్వలేదు. చెరసాల కిటికీలోంచి, "వెళ్లిరా భైరవా. మా నాన్నకు నీ ఆటంటే ఎంతో ఇష్టం. నాకూ అంతే" అంది. ముఖానికి రంగు పూయకుండానే భైరవుడి బుగ్గలు ఎర్రబడ్డాయి.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న ముసలి తాబేలును వాడు విడిపించాడు. తాబేలు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, అలా ఏడూ దాటింది.

"నాయనా, ఇక్కడి కావలివాళ్లు మెత్తగా మాట్లాడినవాణ్ణి రాయిని చేసేస్తారు. మీ అన్నలిద్దరూ అలాగే రాళ్లయిపోయారు" అని చెప్పింది.

"మెత్తగా మాట్లాడడం నాకెక్కడొచ్చు తాతా!" అన్నాడు భైరవుడు. రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, కాగడా మీద గుగ్గిలం చల్లాడు. భగ్గుమంది.

మొదటి వాకిట్లో పెద్దపులి. "ఏమిట్రా ఈ చారలు? ఒక్కటీ తిన్నగా లేదు! చెరిపేసి మళ్లీ గీయించుకురా, ఫో!" అన్నాడు. పులి తన ఒళ్లు తాను చూసుకుని సిగ్గుపడి ఏటివైపు పరుగెత్తింది.

రెండో వాకిట్లో ఏడు తలల పాము. "ముందు దండం పెట్టిన తలకు మంత్రి పదవి! వెనకపడ్డ తలకు శిరచ్ఛేదం!" అని గర్జించాడు. నేను ముందంటే నేను ముందని ఏడు తలలూ కొట్టుకు చచ్చాయి.

మూడో వాకిట్లో కరాళుడే ఎదురొచ్చాడు. భైరవుడు వాడివైపు చూడనైనా చూడలేదు. "నా కిరీటం మీద దుమ్ము పడింది. ఆ గాలిని పట్టి తెండి, కొరడాతో కొట్టిస్తాను!" అన్నాడు.

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి ఇంద్రసేనా! ఇక్కడిదాకా వచ్చావా? నేను పట్టించిన పిచ్చి ఎంత బాగా ముదిరింది!"

"పిచ్చా? నా మతి నా దగ్గరే ఉంది. నీ దగ్గరుంటే చూపించు!"

తన గొప్ప చూపించుకోవాలని ఎవడికుండదు? వాడు పంజరం తెచ్చి చూపించాడు. భైరవుడు చటుక్కున చెయ్యి దూర్చి చిలకను బయటికి లాగి, మెడ పట్టి తన ముఖం ముందు పెట్టుకున్నాడు. "మోకరిల్లు!" అన్నాడు. మాంత్రికుడు మోకరిల్లాడు.

అక్కడే వచ్చింది ప్రమాదం. పులి లొంగింది, పాము లొంగింది, ఇప్పుడు మాంత్రికుడూ లొంగాడు. ఎంత తియ్యగా ఉందో! నొక్కెయ్, నొక్కెయ్ అంటున్నాడు లోపలి రాజు. భైరవుడు అన్నల్ని మరిచిపోయాడు. చంపకవల్లిని మరిచిపోయాడు. తన పేరే మరిచిపోయాడు. వేళ్లు బిగుసుకుంటున్నాయి.

అప్పుడు చిలక నోరు విప్పింది. "దిగిరా భైరవా, ఇక చాలించు నాయనా" అని, ముక్కు చాచి కిరీటాన్ని లాగేసింది.

భైరవుడి చెయ్యి వదులైంది. కళ్లవెంట నీళ్లు జలజలా రాలాయి. ఆ పిలుపు వాడికి తెలియనిదా? కిందపడ్డ కిరీటాన్ని తీసి నెమ్మదిగా చిలక మీద పట్టాడు. "మహారాజా, ఆట అయిపోయింది. తమరు కూడా దిగి రండి" అన్నాడు. రాజుగారి మతి చిలకలోంచి కిరీటంలోకి దిగింది. కిరీటం బరువెక్కింది.

ఇక చిలకలో మిగిలింది మాంత్రికుడి ప్రాణం ఒక్కటే. భైరవుడు దాన్ని గాల్లోకి వదిలేశాడు. అది తుర్రుమంది. "అయ్యో, నా ప్రాణం!" అంటూ కరాళుడు దాని వెంటపడి పరుగెత్తాడు. ఇప్పటికీ ఎక్కడో పరుగెత్తుతూనే ఉన్నాడట. వాడటు పోగానే వాడి మాయ వదిలి, రాళ్లు రెండూ అన్నలై ఆవులిస్తూ లేచాయి. ముగ్గురూ తాబేలెక్కారు.

అమావాస్య పొద్దున తలారి కత్తి ఎత్తాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చిన భైరవుడు కిరీటాన్ని రాజు తల మీద పెట్టాడు. రాజు ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. "ఆగండి! ఎవరి మీదరా ఆ కత్తి? నా బంగారు తల్లి మీదా?" అని కూతుర్ని వాటేసుకుని బావురుమన్నాడు. చంపకవల్లి కూడా ఏడ్చింది. ఈసారి సెలవేదని అడిగేవాడు లేడు.

భైరవుడికీ చంపకవల్లికీ ఆకాశమంత పందిరి వేసి పెళ్లి చేశారు. మామగారి తర్వాత భైరవుడే రాజై చాలాకాలం చల్లగా ఏలాడు. పిచ్చిరాజు వేషం మాత్రం మానలేదు. ఏటేటా ఆడేవాడు, చంపకవల్లి వచ్చి కిరీటం తీసేది.

ఆయన కొలువులో ఇంకో కట్టుబాటు ఉండేది. రాజు కోపంలో తీర్పు చెప్పబోతే మంత్రి కానివ్వండి, చామరం వీచే పిల్ల కానివ్వండి, ఎవరైనా లేచి "దిగి రండి భైరవ మహారాజా" అనవచ్చు. అలా అన్నప్పుడల్లా ఆయన తల వంచేవాడు, అన్నవాళ్లు వచ్చి కిరీటం తీసేవారు.