గడప ఇవతలి నుంచి తీసిన ఫోటో

ఓబులేశయ్య తీసిన ఫోటోలన్నీ మసకగానే వస్తున్నాయి.

ఫోను కొత్తది. పౌర్ణమికి వచ్చిన ఒక భక్తుడు అట్టపెట్టె కూడా విప్పకుండా మఠానికి సమర్పించి వెళ్ళాడు. పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠంలోకి అంత ఖరీదైన ఫోను రావడం అదే మొదలు. అయినా దానితో తీసిన ప్రతి ఫోటో తెల్లవారుజామున ఏటి మీద మంచు కమ్మినట్టు ఉంది. పెద్దది చేసి చూస్తే ఎవరో ఇసుక చల్లినట్టు రవ్వలు రవ్వలుగా విడిపోతోంది.

తీయవలసింది మనిషిని కాదు, గోడను. మఠం లోపలి గదిలో వెనుక గోడ మీద, మఠాన్ని స్థాపించిన నరసింగయోగి రూపం రంగుల్లో వేసి ఉంది. ఆయన బతికి ఉన్న రోజుల్లో దారిన పోతూ ఆగిన ఒక చిత్రకారుడు వేసినదట. యోగి ఎలా ఉండేవాడో చెప్పడానికి లోకంలో మిగిలింది అదొక్కటే. మొన్నటి వానలకు ఆ గోడ బయటికి ఉబ్బింది. హుసేనప్ప మేస్త్రీ వచ్చి బయటి వైపు నుంచి అరచేత్తో తట్టి చూశాడు.

"ఇది ఇంకొక వానకు ఆగదు సామీ. మనమే దించుకుందాం. తనంతట తాను పడిందంటే కప్పును కూడా లాగుతుంది" అన్నాడు.

రేపు ఉదయం పని మొదలవుతుంది.

కొత్త గోడ మీద మళ్ళీ ఆ రూపం వేయడానికి వీరాచారి ఒప్పుకున్నాడు. కానీ అతను ఒక గాలిగోపురానికి రంగులు వేస్తూ నిచ్చెన మీది నుంచి జారి, కాలికి కట్టుతో ప్రొద్దుటూరులో మంచం పట్టి ఉన్నాడు. ఫోటో పంపితే దాన్ని చూసి గీతలు సిద్ధం చేసుకుంటానన్నాడు. గోడ పోయేలోగా మంచి ఫోటో ఒక్కటి రాకపోతే యోగి రూపం ఇక లేనట్టే.

ఆ పని ఓబులేశయ్య చేతికి రావడంలో న్యాయం ఉంది. బడిపంతులు ఉద్యోగం వదులుకొని మఠం చేరినవాడు. అందరూ అతన్ని ఇప్పటికీ అయ్యవారనే పిలుస్తారు. యోగి రూపం గురించి అతను చెప్పినంత చక్కగా మరెవరూ చెప్పలేరు. ఆ రూపంలో యోగి ఒడిలో మూసిన పుస్తకం ఒకటి ఉంటుంది. "తెరిచిన పుస్తకం ఇంకా చదువుతున్నవాడిది. మూసిన పుస్తకం చదవడం అయిపోయినవాడిది" అని అతను ప్రతి పౌర్ణమికీ వివరిస్తాడు. ఆ వివరణ వినడానికే కడప నుంచి, కర్నూలు నుంచి వచ్చేవాళ్ళున్నారు.

ఫోటో తీయడంలోనూ అతను భక్తికి లోటు రానివ్వలేదు. కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా వాడే అలవాటు మఠంలో లేదు కనుక, ఫోను వచ్చిన రోజే గంధం, కుంకుమ పెట్టాడు. వెనుక ఉన్న గుండ్రటి అద్దాలే దాని కళ్ళని తలచి, బొట్టు సరిగ్గా వాటి మీదే పెట్టాడు. తర్వాత బొటనవేలితో తుడిచాడు. అప్పటి నుంచి దాన్ని చేతికి తీసుకున్న ప్రతిసారీ, విభూతి నిండిన నుదుటికి ఒకసారి ఆనించి, కళ్ళకద్దుకొని గాని మొదలుపెట్టడు.

అలా కళ్ళకద్దుకొని, లోపలి గది గడప దగ్గర నిలబడతాడు. ఆ గడప ఎవరూ దాటరు. అది తనకంటే ముందునుంచీ ఉన్న కట్టుబాటు. దీపం పెట్టడానికి గురువుగారు ఒక్కరే లోపలికి వెళతారు. కిటికీ ఎప్పుడు మూశారో చెప్పగలిగినవాళ్ళు లేరు. లోపల ఉన్నదల్లా ఒక ప్రమిద వెలుగు. ఓబులేశయ్య గడప ఇవతల నుంచే చేతులు చాచి, తెర మీద వేళ్ళు విప్పి దూరాన్ని దగ్గరికి లాక్కొని, ఊపిరి బిగబట్టి నొక్కుతాడు.

నిన్న సాయంత్రం వీరాచారి ఫోను చేశాడు.

"అయ్యవారూ, మీరు పంపింది అందింది. యోగి ఎక్కడున్నాడో చెబితే వెతుక్కుంటా."

"మధ్యలోనే ఉన్నారు గదా!"

"మధ్యలో పొగ ఉంది. పొగే వేయమంటే చెప్పండి, ఈ మంచం మీద నుంచే వేసిస్తా."

ఓబులేశయ్య ఊళ్ళోని ఫోన్ల దుకాణానికి ఫోను చేశాడు. ఆపి మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాడు. చీకట్లో తీయడానికి వేరే పద్ధతి ఉందన్నారు. అది కదలకుండా పట్టుకోమని తెర మీద చెప్పింది. చెప్పిన కొద్దీ చెయ్యి వణికింది. ఫ్లాష్ వేస్తే యోగి ముఖం మీద తెల్లటి మరక మాత్రమే పడింది. పెద్దాయన ముఖాన టార్చి వేసినట్టనిపించి వెంటనే ఆపేశాడు.

ఈ ఉదయం మఠానికి వచ్చినవాళ్ళు ఆ ఫోటోలు చూపించమన్నారు. అతను సిగ్గుపడుతూనే చూపించాడు. జమ్మలమడుగు నుంచి వచ్చిన సుంకులమ్మ అనే పెద్దావిడ ఫోను అందుకొని చూసి, ఉన్నట్టుండి రెండు చేతులూ జోడించింది.

"దీపం చుట్టూ చూడండి! వలయం!"

నిజమే. ప్రమిద చుట్టూ ఇంద్రధనుస్సు అంచులా వెలుగు చుట్టుకొని ఉంది. అందరూ వంగి చూశారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఓబులేశయ్య గుండెలో ఏదో మెల్లగా వేడెక్కింది. అంతవరకూ తన చేతకానితనంగా ఉన్నది మహిమ అనే పేరు పెట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడింది.

"యోగి తన రూపాన్ని యంత్రానికి ఇవ్వదలచుకోలేదేమో" అన్నాడు అతను. అంటుండగానే వచ్చే పౌర్ణమికి చెప్పవలసిన మాటలు వరుసగా తోచసాగాయి.

ఆ సంగతి గురువుకు విన్నవించడానికి వెళ్ళాడు.

గురప్పస్వామి వంటింటి వసారాలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. శిష్యుడు చెప్పిందంతా విన్నారు. చేతులు తుడుచుకొని ఫోను తీసుకున్నారు. కళ్ళద్దాలు సర్దుకొని చాలాసేపు చూశారు.

"వలయం బాగుంది."

"అందరూ అదే అంటున్నారు సామీ."

"దీన్ని నొక్కేది ఎక్కడ?"

ఓబులేశయ్య చూపించాడు. స్వామి ఫోనును వంటింటి వైపు తిప్పారు. లోపల బల్బు కింద, పొయ్యి దగ్గర, వంటచేసే తిరుపాలమ్మ గరిటె పట్టుకొని నిలబడి ఉంది.

"నన్నెందుకు తీస్తాండావు సామీ, నెత్తి గూడా దువ్వుకోలే!"

నొక్కారు. వచ్చిన ఫోటోను శిష్యుడి వైపు తిప్పారు. బల్బు చుట్టూ అదే వలయం. అందులో సగం తిరుపాలమ్మ తలకు కిరీటంలా చుట్టుకొని ఉంది.

"ఓబులేశూ, ఈమెకూ మహిమ వచ్చిందే."

తిరుపాలమ్మ గరిటెతోనే వచ్చి తొంగిచూసింది. "ఇన్నేండ్లు అన్నం పెడతాంటే తెలీలేదు గాని, ఫోను జెప్తే తెలిసిందా నా మహిమ?" అని పకపకా నవ్వింది. ఓబులేశయ్యకు నవ్వు రాలేదు.

స్వామి కళ్ళద్దాలు తీశారు. పైపంచె అంచుతో తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈమె తిరగమాత పెట్టినప్పుడల్లా నా అద్దాల్లోనూ ఇదే వలయం నాయనా" అన్నారు.

తర్వాత, ఆ అంచుతోనే, ఫోను వెనుక ఉన్న గుండ్రటి అద్దాల మీద నోటి ఆవిరి ఊది నెమ్మదిగా తుడిచారు. తెల్లటి పంచె మీద పసుపూ ఎరుపూ కలిసిన చిన్న మరక పడింది. చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి లేచారు.

"పద."

లోపలి గది దగ్గర స్వామి తల వంచి గడప దాటారు. ఓబులేశయ్య అలవాటుగా గడప దగ్గరే ఆగి ఫోను ఎత్తాడు. వలయం పోయింది. కానీ ఇసుక ఇంకా అలాగే ఉంది. స్వామి అతని వైపు చూడలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్కల మీద చేతులు పెట్టి తోశారు. అవి బిగుసుకుపోయి కదలలేదు.

"ఒక చెయ్యి వెయ్యి నాయనా."

ఓబులేశయ్య గడప వైపు చూశాడు. "సామీ... నేను లోపలికి..."

"కిటికీ నువ్వున్న చోటికి రాదు గదా."

అతను కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చాడు. లోపల నేల బయటి నేలలాగే చల్లగా ఉంది. ఇద్దరూ కలిసి తోశారు. కందిరీగలు కట్టుకున్న పాత మట్టిగూడు ఒకటి రాలిపడింది. రెక్కలు గట్టిగా మూలిగి, ఒక్కసారిగా విచ్చుకున్నాయి. తూర్పు ఎండ ముందు నేల మీద పడింది. దుమ్ము సర్దుకున్నాక, నిదానంగా, గోడను చేరింది.

ఓబులేశయ్య గది మధ్యలో కూర్చున్నాడు.

"దగ్గరికి" అన్నారు స్వామి.

జరిగాడు.

"ఇంకా."

చెయ్యి చాపితే గోడ అందేంత దగ్గరికి వచ్చేసరికి అతనికి చెమట పట్టింది.

"మోచేతులు మోకాళ్ళ మీద ఆనించుకో. తొందరేమీ లేదు. ఆయన రేపటిదాకా ఎక్కడికీ పోడు."

నొక్కాడు. తెర మీద చూశాడు. చూసి, తల ఎత్తి గోడనే చూశాడు. మళ్ళీ తెరను చూశాడు. రెండింటిలోనూ ఒకటే ఉంది.

నరసింగయోగి ఒడిలో ఒక పిల్లి ముడుచుకొని నిద్రపోతోంది.

బూడిదరంగు పిల్లి. వీపు మీద చారలు. ఒక చెవి మడతపడి ఉంది. యోగి ఎడమచెయ్యి దాని మెడ మీద ఉంది. ఇన్నాళ్ళూ గంభీరంగా బిగిసి ఉన్నాయనుకున్న ఆయన పెదవులు కొద్దిగా విచ్చుకొని, ఆ పిల్లితో ఏదో చెబుతున్నట్టు ఉన్నాయి.

బయట తిరుపాలమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సామీ, ఇది..."

"పిల్లి."

"పుస్తకం..."

స్వామి ప్రమిద దగ్గరికి వెళ్ళారు.

ఓబులేశయ్య అటు తిరిగాడు. "రోజూ దీపం పెట్టేది మీరే. మీకు తెలుసు. నేను అన్ని పౌర్ణములు, అంతమంది ముందు... ఒక్కసారి తప్పని చెప్పి ఉండవచ్చు గదా సామీ."

స్వామి ప్రమిదలోని వత్తిని వేలితో సర్దారు. ఎండలో ఆ మంట కనిపించీ కనిపించకుండా ఉంది.

"నీ మాటలో తప్పేమీ లేదు నాయనా" అన్నారు. "కొంచెం దూరం ఉంది, అంతే."

తల వంచి గడప దాటి, చిక్కుడుకాయల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఓబులేశయ్య అక్కడే కూర్చున్నాడు. ఫోనులో ఇప్పుడు రెండు రకాల ఫోటోలు ఉన్నాయి. పాతవాటిలో ఒకదాన్ని తెరిచాడు. గడప దగ్గర నుంచి, మసకలో, అది పుస్తకమే. దాన్ని ఇంకొంచెం పెద్దది చేసి పంపితే వీరాచారి పుస్తకమే వేస్తాడు. రేపటికి గోడ ఉండదు. కొత్త గోడ మీద పుస్తకం ఉంటుంది. దాని ముందు నిలబడి చెప్పడానికి తన మాటా ఉంటుంది. గురువు ఏమీ అనరు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

చాలాసేపు అతని వేలు ఆ ఫోటో మీదే ఉంది.

ఎండ కొద్దిగా జరిగి పిల్లి ముఖం మీదికి వచ్చింది. అక్కడ రంగు ఇంకా తాజాగా ఉంది. ఆ చిత్రకారుడు ఎవరో గాని, పిల్లి మీసాలను ఒక్కొక్కటిగా, వెంట్రుకంత సన్నటి గీతలతో వేశాడు. ఇంత దగ్గరగా కూర్చొని వేసి ఉంటాడు. పిల్లి లేచి వెళ్ళిపోకుండా యోగి కదలకుండా కూర్చొని ఉంటాడు. ఇద్దరిలో ఎవరు ఎవరికోసం కదలలేదో చెప్పడం కష్టం.

ఓబులేశయ్య కొత్త ఫోటో పంపాడు.

ఫోను వెంటనే మోగింది.

"అయ్యవారూ! ఎంత బాగొచ్చింది ఫోటో, గోడ నా మంచం పక్కనే ఉన్నట్టుంది! ఏం చేశారు?"

"తుడిచి తీశాం."

"మంచిది, మంచిది. అది సరే గాని..." వీరాచారి కొంచెం తటపటాయించాడు. "ఒడిలో పుస్తకం అని చెప్పినట్టుంటిరే మీరు?"

"చెప్పినాను."

"మరి పిల్లి వేసేదా?"

"పిల్లే."

"మీసాలు గూడానా?"

"మీసాలు కూడా వెయ్యి. ఒక చెవి మడత పడి ఉంది చూడు, అది మర్చిపోవద్దు."

అవతల వీరాచారి నవ్వుతున్నాడు. ఓబులేశయ్యకు తన ముఖం మీద కూడా ఏదో కదులుతున్నట్టు అనిపించింది.

ఎండ ఇంకా గోడ మీద ఉండగానే, మూసిన కిటికీ తెరిచారని తెలిసి జనం గది ముందుకు వచ్చారు. రేపు గోడ ఉండదు కనుక చివరిసారి దర్శనం చేసుకోవాలన్న ఆత్రం అందరిలోనూ ఉంది. అయినా గడప దగ్గరికి రాగానే అందరూ ఆగిపోయారు. ముందు నిలబడ్డ సుంకులమ్మ చేతులు జోడించింది.

"ఆ మూసిన పుస్తకం మాట ఇంకొక్కసారి చెప్పండి అయ్యవారూ. మళ్ళీ ఈ గోడ ముందర వినలేం గదా."

ఓబులేశయ్య నోరు తెరిచాడు. ఎన్నో పౌర్ణములుగా అరిగి నున్నబడిన వాక్యం నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. అతను లేచి, గడప దగ్గరికి వచ్చి, ఒక పక్కకు తప్పుకున్నాడు.

"గోడకు తగలకుండా చేతులు వెనక్కి పెట్టుకొని లోపలికి రా అమ్మా. దగ్గర కూర్చొని చూడు."

ఆమె అతని ముఖం చూసింది. గడపను చూసింది. చెప్పులు లేని పాదాన్ని కొంగుతో తుడుచుకొని, లోపలికి అడుగుపెట్టింది.

ఓబులేశయ్య గడప ఇవతలికి వచ్చి నిలబడి వింటున్నాడు. లోపల ఆమె గోడ దగ్గరికి జరిగి కూర్చున్న చప్పుడైంది. తర్వాత సుంకులమ్మ నవ్వడం వినిపించింది.