నది మధ్య శిబిరం

సన్యాసిరాజు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదని ఆయన శిష్యులందరికీ తెలుసు. జవాబుకు బదులు ఎవరో ఒక మనిషి సంగతి వస్తుంది. విశాఖపట్నంలో వైద్య విద్యార్థులకు ప్రజారోగ్యం బోధించి, నడివయసులో ఆఫ్రికా వెళ్లి, మలావీలో పన్నెండేళ్లు నర్సులకు పాఠాలు చెప్పి, చివరికి విజయనగరం వచ్చి స్థిరపడ్డారాయన. ఆదివారం ఉదయం వసారాలో నాలుగు కుర్చీలు వేసి ఉంటాయి. వచ్చినవాళ్లకి ముందు పెసరట్టు, ఆ తర్వాతే మాట.

ఆ ఆదివారం వచ్చినది సుహాసిని, ఆయన చివరి బ్యాచి శిష్యురాలు. తూర్పు ఆఫ్రికా దేశాలు కొన్ని కలిసి అంటురోగాల కోసం పెట్టుకున్న ఒక సంస్థలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో ప్రయాణం. ఆమె తన సందేహం దాచుకోలేదు. ఒక్కో దేశానికి ఒక్కో చట్టం, ఒక్కో భాష, ఒక్కో పద్ధతి. సొంత ఆసుపత్రులకే మందులు చాలని చోట పక్క దేశంతో కలిసి పనిచేయమంటే ఎవరు వింటారు?

"ముందు ఏం కావాలి మాస్టారూ, ఒప్పందమా, నమ్మకమా?" అని అడిగింది.

మాస్టారు ఆమె ప్లేటులో ఇంకో పెసరట్టు వేయించి, టియామికె సంగతి ఎత్తుకున్నారు.

టియామికె ఆయన దగ్గర చదువుకున్న నర్సు. మలావీకీ మొజాంబిక్‌కీ నడుమ పారే ఒక నది ఒడ్డున చిన్న ఆరోగ్య కేంద్రం ఉంటే, దానికి ఆమే పెద్ద. సాయానికి ఇద్దరు ఆయాలు. అవతలి ఒడ్డున, సరిగ్గా ఎదురుగా, మొజాంబిక్ వాళ్ల ఆరోగ్య కేంద్రం. మధ్యలో అరమైలు నీళ్లు. మూడేళ్లుగా ఆమె ఆ రేకుల కప్పును రోజూ చూస్తోంది గానీ, దాని కింద కూర్చునే మనిషి ఎవరో తెలియదు. జనానికి ఈ ఇబ్బంది లేదు. మంగళవారం సంత ఈ ఒడ్డున, శుక్రవారం సంత ఆ ఒడ్డున. పొద్దున దోనె ఎక్కి వెళ్లి, సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు. రెండువైపులా ఇళ్లలో మాట్లాడేది చేవా భాషే. కాగితం మీదికి వచ్చేసరికే ఇటు ఇంగ్లీషు, అటు పోర్చుగీసు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక కలరా వచ్చింది. మొదటి వారం ఏడుగురు, రెండో వారం ముప్పైమంది. మంచాలు చాలక టియామికె నేల మీద చాపలు పరిచింది. బావులన్నింటిలో బ్లీచింగ్ పౌడరు వేయించింది, ఇల్లిల్లూ తిరిగి నీళ్లు కాచుకుని తాగమంది. అయినా జబ్బు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదా అని రిజిస్టరు తిరగేస్తే, సగంమంది పేర్ల పక్కన ఆమె చేతిరాతే కనబడింది: "అవతలి నుంచి వచ్చినవారు." అంతే, ఆమెకు విషయం అర్థమైపోయింది. జబ్బు అటు నుంచి దిగుతోంది. అటువాళ్లు పట్టించుకోవడం లేదు. ఈ మాటే జిల్లాకు రాసింది. జిల్లావాళ్లు రాజధానికి రాశారు. ఈ రాజధాని ఆ రాజధానికి రాయాలి, అక్కడి నుంచి జవాబు మళ్లీ అదే దారిన నడిచి రావాలి. ఈలోగా సెలైన్ సీసాలు పదకొండుకు వచ్చాయి. నాలుగేళ్ల పిల్ల ఒకతె ఆమె చేతుల్లోనే పోయింది.

మర్నాడు తెల్లవారగానే టియామికె రిజిస్టరు చంకన పెట్టుకుని దోనె ఎక్కింది. ఎవరి అనుమతీ అడగలేదు, అడిగితే దొరకదని తెలుసు. అవతల ఉన్నది ఎవరైనా సరే, ముఖాన నాలుగు మాటలు అడిగేసి రావాలని ఆమె ఉద్దేశం. దారి పొడుగునా ఆ నాలుగు మాటలూ కూర్చుకుంటూనే ఉంది.

అవతల ఉన్న నర్సు పేరు జాసింతో. యాభై ఏళ్ల మనిషి, బట్టతల, నిద్ర లేక ఉబ్బిన కళ్లు. ఆమె ఎవరో చెప్పిందో లేదో, అతనే అందుకున్నాడు. మీ ఒడ్డు నుంచి జబ్బు వచ్చి మా మీద పడుతోంది, మీరక్కడ ఏం చేస్తున్నారని నిలదీశాడు. తాను కూర్చుకున్న మాటలన్నీ పొల్లుపోకుండా అతని నోటే విన్నది టియామికె. రిజిస్టరు తెరిచి అతని బల్ల మీద పెట్టింది. అతనూ విసురుగా తనది తెచ్చి పక్కన పరిచాడు. ఆమెకు పోర్చుగీసు రాదు, అతనికి ఇంగ్లీషు రాదు. కానీ పేర్లకు తర్జుమా అక్కర్లేదు. వలలు అల్లే మతేయు ఇటూ ఉన్నాడు, అటూ ఉన్నాడు. నాచిసాలె కూతురు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. లెక్కపెడితే పంతొమ్మిది పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. ఏ రిజిస్టరులో చూసినా వాళ్లు అవతలివాళ్లే.

"వీళ్లు మీవాళ్లు కారా?" అన్నాడు జాసింతో గొంతు తగ్గించి.

"మీవాళ్లనుకున్నాను," అంది టియామికె.

చాప మీద పడుకున్న ఒకామెను నీ ఇల్లెక్కడమ్మా అని ఇద్దరూ కలిసి అడిగారు. ఆమె నీరసంగా చెయ్యెత్తి నది మధ్యకు చూపించింది. అక్కడొక లంక ఉంది. ఏటా నది నీరు తగ్గగానే చేపలవాళ్లు దాని మీదికి చేరి, అరవై గుడిసెలు వేసుకుని, చేపలు పట్టి పొగబెట్టి రెండు సంతలకూ పంపిస్తారు. టియామికె దోనె గంట క్రితం ఆ లంక పక్కనుంచే వచ్చింది.

ఇద్దరూ ఆ దోనెలోనే లంకకు వెళ్లారు. బావి లేదు, మరుగుదొడ్డి లేదు. తాగేదీ నది నీళ్లే, గిన్నెలు తోమేదీ ఆ నీళ్లే. ఏ ఒడ్డు నుంచీ ఒక్క డబ్బా బ్లీచింగ్ పౌడరు అక్కడికి చేరలేదు. చేపల పొయ్యిల దగ్గర నాచిసాలె కూర్చుని ఉంది, లంకకంతటికీ పెద్ద. రెండు ఒడ్ల నర్సులూ ఒకే దోనెలోంచి దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు. కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మా చేపలు మీ ఇద్దరివీ బిడ్డా," అంది. "మా జబ్బే ఎవరిదీ కాలేదు."

ఆ పూటే పని మొదలైంది. టియామికె దగ్గర బ్లీచింగ్ పౌడరు బస్తాలున్నాయి, సెలైన్ లేదు. జాసింతో దగ్గర సెలైన్ పెట్టెలున్నాయి, పౌడరు అయిపోయి పదిరోజులైంది. రెండూ దోనెల్లో లంకకు చేరాయి. గుడిసెల మధ్య టార్పాలిన్ కట్టారు, పన్నెండు చాపలు పరిచారు. నాచిసాలె ఆడవాళ్లను పోగుచేసి, ప్రతి కుండలోనూ మందు కలిపేదాకా ఎవర్నీ తాగనివ్వలేదు. ఇక రెండు రిజిస్టర్లతో లాభం లేదని, కొత్త పుస్తకం ఒకటి తీసి టియామికె గీతలు గీసింది. పేరు, వయసు, గుడిసె, జబ్బు మొదలైన రోజు. దేశం అనే గడి గీయలేదు. రాసేది చేవాలోనే అనుకున్నారు, అది ఇద్దరికీ వచ్చు.

ఇంత జరిగాక వార్త ఆగుతుందా? రెండో వారంలో ఒకే ఉదయం ఇటు నుంచి ఒక పడవ, అటు నుంచి ఒక పడవ వచ్చాయి. ఇందులో మలావీ జిల్లా ఆరోగ్యాధికారి, అందులో మొజాంబిక్ జిల్లా ఆరోగ్యాధికారి. ఉద్యోగం పోయినట్టేనని టియామికె లోపల ఖాయం చేసుకుంది. ఇది ఎవరి అనుమతితో పెట్టారని ఇద్దరూ దిగుతూనే అడగబోయారు గానీ, నాచిసాలె అడ్డం నిలబడింది. బూట్లు విప్పి మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచందే లోపలికి ఎవరూ రాకూడదంది. చెప్పినా వినే మనిషి కాదని చూడగానే తెలుస్తోంది. అధికారులిద్దరూ ప్యాంట్లు మోకాళ్లదాకా మడిచి తొట్టిలోకి దిగారు. తొట్టి చిన్నది, అడుగున జారుడు. పడిపోకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకోక తప్పలేదు. అలా పట్టుకుని ఉండగానే ఒకరి పేరు ఒకరు చెప్పుకున్నారు. చెప్పుకుని తెల్లబోయారు. సరిహద్దు జబ్బుల గురించి మాట్లాడుకోవాలని నాలుగేళ్లుగా రెండు రాజధానుల మీదుగా ఉత్తరాలు రాసుకుంటున్నది వాళ్లిద్దరే.

తొట్టిలోంచి బయటికి వచ్చాక వాళ్ల గొంతులు మారిపోయాయి. పుస్తకం తెప్పించుకుని చూశారు. నాలుగు రోజుల్లో కొత్త రోగి ఒక్కడే, చావులు లేవు. జాసింతో చేవాలో రాసిందంతా చదివి వినిపించాడు. ఇకమీద వారానికోసారి నర్సులిద్దరూ ఇక్కడ కలిసి పేర్లు సరిచూసుకోవాలని, ఏది తక్కువైతే అది ఒకరికొకరు ఇచ్చుకోవాలని ఇద్దరు అధికారులూ ఇసుకలో నిలబడే ఒప్పుకున్నారు. పడవ ఎక్కబోతూ మలావీ అధికారికి తన హోదా గుర్తొచ్చింది. అనుమతి లేకుండా దేశం దాటినందుకు సంజాయిషీ రాసివ్వమన్నాడు. ఈ లంక ఏ దేశమని రాయమంటారు సార్ అని టియామికె వినయంగా అడిగింది. ఆయన ఇటు ఒడ్డు చూశాడు, అటు ఒడ్డు చూశాడు. ఉండనీ అన్నాడు. ఆ సాయంత్రం లంక మీద చేపలు కాల్చారు. మూడు వారాల తర్వాత మొదటిసారి టియామికె కూర్చుని కడుపునిండా తిన్నది, జాసింతో తింటూ తింటూనే నిద్రపోయాడు.

మాస్టారు అంతటితో ఆపి ప్లేట్లు తీయించడం మొదలుపెట్టారు. మరి అసలు ఒప్పందం ఎప్పటికైనా వచ్చిందా అని సుహాసిని అడిగింది.

"ఎందుకు రాలేదూ? రెండేళ్లకు మంత్రులే వచ్చి సంతకాలు పెట్టారు. మంచి ఒప్పందం, అదీ కావలసిందే," అన్నారు మాస్టారు. "అప్పటికి ఆ లంక వరదలో పోయిందమ్మా. నర్సులిద్దరూ వారం వారం నది మధ్యలో దోనెలు దగ్గరికి చేర్చుకుని పేర్లు రాసుకుంటున్నారు."